ఏ ఫంక్షన్‌లోనూ పెట్టని లైను

ఒక్క ఫైల్లోనా? మొత్తం ల్యాబ్ ప్రోగ్రామంతా ఒక్క ఫైల్లోనా, మహానుభావా? పేషెంట్ల వివరాలు అందులోనే, రిపోర్టు ప్రింటింగ్ అందులోనే, మెసేజీలు పంపేదీ అందులోనే! ఇంట్లో మాత్రం చెంచాలకో డబ్బా, గరిటెలకో డబ్బా అంటూ నా ప్రాణం తీసేవాడివి.

నవ్వకు. ఫోటోలో ఉన్నావని ఊరుకుంటాననుకోకు. నువ్వు పోయాక నీ సీటు నాకే ఇచ్చారు మరి.

నువ్వు పోయినప్పటి నుంచీ ఆగిపోయి ఉన్న ఈ ప్రోగ్రాంని సాయంత్రానికల్లా కొత్త టీముకి అప్పగించాలట. "మేడమ్, సార్ కోడు మీకు తప్ప ఎవరికీ అర్థం కాదు, కాస్త విడగొట్టి పెట్టండి" అన్నాడు మేనేజరు. సరేనని ఏ పనికాపని వేరే ఫైల్లోకి తీసి, మాడ్యూళ్ళు చేస్తూ వచ్చాను. మెసేజీల మాడ్యూల్ లోడ్ చేశానో లేదో, స్క్రీన్ మీద ఎర్రగా వచ్చింది.

"తిన్నావా? - వెళ్ళలేదు. పంపే నంబరు వాడుకలో లేదు."

నీ నంబరే. నేనే కదా, ఏడుస్తూ వెళ్ళి తీయించేసింది.

ఆ లైను, పిలిస్తేనే నడిచే ఏ ఫంక్షన్‌లోనూ లేదు. బయటే వదిలేశావు. అలా వదిలితే ఎవరూ పిలవకపోయినా, ఫైలు లోడైనప్పుడల్లా దానంతటదే నడుస్తుందని నీకెన్నిసార్లు చెప్పాను! అంటే... కావాలనే పెట్టావన్నమాట. రోజూ మధ్యాహ్నం రిపోర్టుల ప్రోగ్రాం మొదలవగానే నా ఫోనుకి వచ్చేది అదేనా? పై అంతస్తులో కూర్చుని నువ్వే కొడుతున్నావనుకుని మురిసిపోయేదాన్ని. ఎంత పనిలో ఉన్నా మా ఆయనకి నేను గుర్తుంటానని అక్క దగ్గర గొప్పలు కూడా పోయాను.

పోనీలే, దానికి కాదు నా ఏడుపు.

ఆ ఆఖరి రోజు ఉందే. పోట్లాడుకుని, పొద్దున మాటల్లేకుండా ఎవరి దారిన వాళ్ళం ఆఫీసుకొచ్చాం. మధ్యాహ్నం "తిన్నావా?" అని వచ్చింది. హమ్మయ్య, కోపం పోయిందనుకున్నాను. సాయంత్రానికి నువ్వే పోయావు, ఆ రోడ్డు మీద. ఇన్ని నెలలూ ఆ ఒక్క మాట పట్టుకునే బతికాను, తెలుసా? కోపంతో పోలేదు, నన్ను అడిగే పోయాడు అని.

అడిగింది నువ్వు కాదుగా!

ఆగు, ఇంకో సంగతి. కోడులో ఎవరు ఎప్పుడేం మార్చారో అంతా నమోదై ఉంటుందిగా, వెతికాను. ఆ పొద్దున నువ్వా ఫైలు తెరిచావు. సరిగ్గా ఆ లైను కిందే ఏదో సరిచేశావు. అంటే కంటబడే ఉంటుంది కదా? కంటబడీ ఉంచావు కదా? చెప్పవేం?

సర్లే. ఉంచావనే అనుకుంటాను, నా ఇష్టం.

కానీ కొత్తవాళ్ళకి అలాంటి లైను అప్పగించలేం కదా. అంత కోపంలోనూ నువ్వు తియ్యలేదు. నేను ఏ కోపమూ లేకుండానే తీసేశాను.