చెయ్యి అడ్డం పెట్టేదాక

"తాతా, క్రిస్మస్ వచ్చిందంటె పైఅంతస్తు పిల్లలకు నువ్వెందుకు వండుతవ్? అది మన పండుగ కాదు గద."

గదే మాట ఎదురింటి సత్తయ్య గూడ అడిగిండు బిడ్డా, మొదటి ఏడు. "నీ కొడుకు మాదాపూర్ ఆఫీసుల కేకు తినొస్తడు గద, అది ఎవల పండుగ?" అన్న. నేను మొండోన్ని, గల్లీ అందరికి ఎరుకే. జర ఆ చెంబు ఇటియ్యి, గొంతు ఎండుతుంది.

ఏంది చెప్తున్న? ఆఁ, పిల్లలు. గచ్చిబౌలిల గప్పటికింక మన గల్లీల ఇన్ని అపార్ట్‌మెంట్లు లెవ్వు. లెవ్వంటె, ఉన్నయి గని, మన ఇంటి మీద నీడ పడేటంత దగ్గర రాలే. మా నాయన కాలంల ఇక్కడ ఎకరం అమ్మినా ఒక జత ఎడ్లు రాకపోయేది, ఇప్పుడు... ఇగ ఆ ముచ్చట ఇడిసిపెట్టు. పైఅంతస్తు ఒక చర్చి మిషనుకు కిరాయికిచ్చిన. ఆరుగురు పిలగాండ్లు దిగిండ్రు. దేవుని మాట చెప్పుకుంట, సేవ చేసుకుంట ఊర్లు తిరగాలె గద, దానికి ట్రైనింగు. అది అయ్యేదాక పండుగకు గూడ ఇంటికి పోవద్దని కట్టడి.

అండ్ల డేవిడ్ అని ఒకడు, మిజోరం కొండల పిలగాడు. వానికి తెలుగు పట్టువడలే. మెట్ల మీద కూసోని పుస్తకం చూసుకుంట గొణుగుతుండె, తల కొట్టుకుంటుండె. నాకు పాణం చివుక్కుమనేది. నేను రాత్రిబడికి పోయి అ ఆలు దిద్దెటప్పటికి మీ నాయన పుట్టిండు మరి. నోరు తిరగకపోతే ఎంత శరమో నాకెరుక. క్రిస్మస్ ముంగట మీ నాయనమ్మ వచ్చి, "డేవిడ్ సంచి సదురుకున్నడు. పండుగ తెల్లారి రైలెక్కుతడంట. మల్ల రాడంట" అన్నది.

"నేను పోనియ్య" అన్న.

"వద్దంటె నువ్వు ఆగుతవా" అనుకుంట ఉల్లిగడ్డలు ముంగటేసుకున్నది.

బగారన్నం, మాంసం కూర. వాళ్లు పొద్దుగాల చర్చికి పోయొచ్చినంక డాబా మీద బంతి కూసోబెట్టిన. వాళ్ల టీచరమ్మ, రాజమండ్రి దిక్కు మనిషి, బాచుపల్లిల చర్చి కాడనే ఆగిపోయింది. నేనే వడ్డించిన. మనకాడ తినేటోడు ఇస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టేదాక వెయ్యాలె గద, ముందే ఆపితే మర్యాద తప్పినట్టు. డేవిడ్ చెయ్యి పెట్టడు, నేను ఆపను. వేసిన, తిన్నడు. మల్ల వేసిన, మల్ల తిన్నడు. ముఖం ఎర్రగైంది, ముక్కు కారుతుంది, కండ్లల్ల నీళ్లు. "ఇల్లు యాదికొచ్చింది పాపం" అని మీ నాయనమ్మ ఇంకో గంటె వేసింది. ఎంత ఆకలిగున్నడో అని నేనింకోటి.

అప్పుడు టీచరమ్మ మెట్లెక్కొచ్చి చూసి నెత్తి పట్టుకున్నది. "అయ్యో బాబాయిగారూ, ఆపండి! ఎవరింట్లో ఏం పెట్టినా వద్దనకూడదని మా శిక్షణలో నియమమండి. మీరు వేస్తూ ఉంటే వాడు తింటూనే ఉంటాడండి!"

"చెయ్యి అడ్డం పెట్టొచ్చు గదమ్మా!"

"ఆ సంగతి వాడికేం తెలుసండి?"

ఆమె ఇంగ్లీషుల చెప్పింది. వాడు నన్ను చూసిండు, గంటెను చూసిండు. రెండు చేతులు ఇస్తరి మీద పెట్టి, "తాతా, చాలు! కారం!" అన్నడు. వాని నోట్ల నేనిన్న మొదటి తెలుగు! అందరికంటె ఎక్కువ వాడే నవ్విండు, నవ్వుకుంటనే పెరుగు తాగిండు.

మీ ఊళ్ల పండుగకు ఏం చేస్తరని అడిగిన. వాళ్ల ఊళ్ల ఎవలింట్ల వాళ్లు తినరంట. పెద్ద గంజులల్ల వండి ఊరంత ఒక్క బంతిల కూసుంటదంట. "ఇక్కడ బంతి చిన్నగుంది" అన్నడంట, టీచరమ్మ చెప్పింది. గదీ వాని బెంగ.

గంజుల కూర మస్తుగున్నది. పిట్టగోడ మీదికెల్లి వంగి ఒర్లిన. "ఓ సత్తయ్యా! అందర్ని తీస్కరా, బంతిల జాగున్నది!" పక్క హాస్టల్ పిల్లలొచ్చిండ్రు, వాచ్‌మన్ ఇంటోళ్లొచ్చిండ్రు. సత్తయ్య గూడ కొడుకుతోని వచ్చి, "కూర వాసనకొచ్చిన, పండుగకు కాదు" అన్నడు. డేవిడ్ లేసి నా చేతిలకెల్లి గంటె గుంజుకున్నడు. వడ్డించిండు చూడు! సత్తయ్య చెయ్యి అడ్డం పెడితే పక్కపొంటి వేసిండు.

తెల్లారి రైలు పోయింది, వాడు పోలే. సంచి ఇప్పుకున్నడు.

ఇప్పుడు మన తెలుగోళ్ల కొండల దిక్కే ఒక ఊళ్ల సేవ పని చేస్తుండు. మొన్న ఫోన్ చేసి, "తాతా, పెండ్లి చేసుకున్న, పండుగకు ఇద్దరం వస్తున్నం. ఆమెకు చెయ్యి అడ్డం పెట్టుడు నేను నేర్పలే" అన్నడు దొంగ! తెలుగు మాత్రం నీకంటె సాఫ్‌గ మాట్లాడుతుండు.

ఇగ లే, ఆ అల్లం జర దంచు. సల్లగుండు బిడ్డా. నువ్వు చెయ్యి అడ్డం పెట్టి చాలు చాలంటున్నా, సంతోషం పక్కపొంటి వచ్చి పడుతనే ఉండాలె.