కింద పెట్టమంది

పశువుల ఆసుపత్రి వరండాలో ముసలాయన తన కుక్కను దుప్పట్లో చుట్టి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. బయట మందులు కొనడానికి వెళ్లిన మనవరాలు అప్పుడే వచ్చింది.

“డాక్టరమ్మ ఏమంది తాతా?”

“ఎక్స్‌రే చూసి ఏదో ఇంగ్లీషులో చెప్పింది. ‘పుట్ హిమ్ డౌన్’ అన్నది మాత్రం అర్థమైంది. కింద పెట్టమని. నా చేతులు లాగుతాయనుకుంది కాబోలు, పాపం. మా బుడ్డోడు బరువేం కాదమ్మా అన్నాను.”

“సరిగ్గా అదే మాట అందా?”

“అదే. నా భుజం మీద చెయ్యి వేసి మరీ అంది. ఏం, నాకు ఆ మాత్రం ఇంగ్లీషు రాదనుకున్నావా?”

“దానికి చాలా అర్థాలున్నాయి తాతా. ఫోన్ పెట్టేయడం, పేరు రాసుకోవడం, నలుగురిలో మనిషిని చులకన చేయడం...”

“అవన్నీ కుక్కకెందుకే? ఇంకోటేదో ఉంది. నీ మొహం చూస్తేనే తెలుస్తోంది.”

“సూదిమందు వేస్తారు తాతా. నొప్పి తెలీదట. నిద్రలోనే పోతాడట.”

ముసలాయన దుప్పటిని కుక్క చుట్టూ ఇంకాస్త దగ్గరగా చుట్టాడు.

“కాసేపు నాకివ్వు. నీ చేతులు లాగుతుంటాయి.”

“లాగితే లాగనీ. నేను వీణ్ణి కింద పెట్టను.”