పరుపుల అవతలి గిటారు

కంగారు పడకండి నిషివాకి గారూ, ఈసారి ఇంకో కొత్త పికప్ వెతకమని రాలేదు. చూడండి, ఉత్త చేతులతో వచ్చాను. మా ఆయన గిటారు, వాళ్ళ బ్యాండు ఓబా గారి దగ్గరే ఉంది. ఈ ముసలావిడ మళ్ళీ దాపురించిందే అనుకుంటున్నారు కదూ? అనుకోండి. మీ స్థానంలో ఉంటే నేనూ అదే అనుకుందును.

మొదటిది పెట్టినప్పుడు ఏమన్నాను? సూదులు గుచ్చుతున్నట్టుంది అన్నాను. సిరామిక్ అయస్కాంతమండీ, మెటల్ సంగీతానికి అలాగే ఉండాలి, అరచెయ్యి తీగలకి ఆనించి కొడితే ఒక్కో దెబ్బా విడివిడిగా వినపడాలి అన్నారు మీరు. మా ఆయన దెబ్బలు విడివిడిగా వినపడేవి కావండీ అన్నాను.

రెండోది కాస్త నెమ్మదైన అయస్కాంతం అన్నారు. నానిపోయిన ఉడోన్ నూడుల్స్‌లా ఉందన్నాను. మూడోది బ్యాటరీతో నడిచేది. ఆసుపత్రిలో తుడిచిన నేలలా ఉందన్నాను. మీరు నవ్వారు. లోపల ఏం తిట్టుకున్నారో.

పాతదాన్నే బాగుచెయ్యండి అంటే, లోపల చుట్టిన రాగి తీగ ఎక్కడికక్కడ తెగిపోయిందన్నారు. వెంట్రుక కన్నా సన్నం కదా. ఎవరు చుట్టారో, ఎన్ని చుట్లు చుట్టారో దాని మీద రాసి లేదు. ఆయన బతికుండగా అడగాల్సింది. ఎలా అడుగుతాను, గిటారు తీగల కింద ఉండే ఆ నల్ల దిమ్మని పికప్ అంటారనే నాకు ఆయన పోయాక తెలిసింది.

టీ వద్దండి. సరే, సగం పొయ్యండి.

శనివారం ఆయన పేరు మీద వాయిస్తున్నారు కదా. ఆ గిటారే కావాలి, ఆ మోతే రావాలి అని ఆయన బ్యాండు వాళ్ళందరి పట్టు. బాగానే ఉంది, ఆ మోత ఎలా ఉండేదో చెప్పండి అన్నాను.

ఓబా గారు చెవిలో మిషను సర్దుకుని, "వదినా, వయసంతా డ్రమ్ముల పక్కన నిలబడ్డవాళ్ళం. మా చెవులు ఎప్పుడో చిల్లులు పడ్డాయి. షూహేయి శబ్దం ఇంకా మిగిలుంటే అది నీ ఒక్కదాని దగ్గరే" అన్నాడు.

నాకెంత గర్వంగా అనిపించిందో మీకు తెలియదు.

ఎందుకంటే, అప్పటికే క్లినిక్‌లో డాక్టరమ్మ గడియారం బొమ్మ వెయ్యమంటే ముల్లు ఎటు పెట్టాలో తెలియక కూర్చున్నదాన్ని. పక్కింటావిడ పేరు రాక "ఏమండీ" అని నెట్టుకొస్తున్నదాన్ని. మీ కొట్టుకి వస్తూ కూడా ఇవాళ ఒక సందు ముందే తిరిగాను. ఆ, కనుక్కుని వచ్చాన్లెండి.

అన్నీ జారిపోతున్నాయి గానీ ఆ మోత మాత్రం పోలేదు. రోజూ విన్నాను కదా. అందుకే మిమ్మల్ని అంత తొందరపెట్టాను. నాలో ఉండగానే దాన్ని తీసి గిటార్లో పెట్టేస్తే, తర్వాత నేను మర్చిపోయినా ఫర్వాలేదు. ఓబా గారు ఒక్కసారి మీటితే చాలు, ఆయన ఇంట్లో ఉన్నట్టే.

అదండీ నా ఆశ.

మొన్న ఆదివారం ఏమైందంటే, మీరు ఆ బ్యాటరీది పెట్టిచ్చారా, ఓబా గారు దాన్ని ఇంకోసారి వినిపిస్తానని మా ఇంటికి తెచ్చాడు. తన గిటారు కూడా వీపుకి తగిలించుకొచ్చాడు. రెండుసార్లు మీటాడో లేదో పక్కింటివాళ్ళు గోడ తట్టారు. మా ఫ్లాట్ల గోడలు మీకు తెలియనివా? వాళ్ళు ముక్కు చీదినా మాకు వినపడుతుంది.

"మరి షూహేయి ఎక్కడ వాయించేవాడు వదినా?"

ఎక్కడేమిటి, పరుపుల అరలో. రాత్రి పరిచే పరుపులు మడతపెట్టి పెడతామే, ఆ అరలో. కింది గూట్లో దూరి, శబ్దం పెంచే ఆంప్ పెట్టెని పరుపుల మధ్య కుక్కి, తలుపు జరిపేసుకునేవాడు. సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే అదే పని. ఒక్కనాడూ ఎవరూ గోడ తట్టలేదు.

ఓబా గారి కాయం తెలుసుగా మీకు. ఎలాగో దూరాడు. మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. "తలుపు వెయ్యి వదినా. ఊపిరాడకపోతే తంతాను, తియ్యి" అన్నాడు.

తలుపు వేసి నేను వంటింట్లోకి వెళ్ళాను. ముల్లంగి కోరుతున్నాను.

వచ్చిందండీ.

ఎక్కడో దూరంగా బరువైన రైలు ఇనప వంతెన మీదికి ఎక్కినట్టు. సూదీ లేదు, ఉడోనూ లేదు. కాళ్ళ కింద నేలలోంచి వస్తుందే, అదే. నా చెయ్యి కోరాము మీదే ఆగిపోయింది. స్నానానికి నీళ్ళు కాగాయి, ఇక రండి అని పిలిచాను. పిలవబోవడం కాదు, నిజంగానే పిలిచాను. ఓబా గారికి వినపడలేదు, నయం.

చెమటలు కక్కుకుంటూ బయటికి వచ్చాడు. ఇదే, ఇక దీన్ని ముట్టుకోవద్దు అన్నాను. ఓబా గారు నేల మీద కూలబడి నవ్వాడు. "హమ్మయ్య, నిషివాకి బతికిపోయాడు" అన్నాడు.

అక్కడితో ఊరుకోవచ్చు కదా. నాకు నా మీద నమ్మకం లేదు కదండీ. మీ గిటారు కూడా ఒకసారి లోపల వాయించండి, తేడా ఖాయం చేసుకుంటాను అన్నాను. దాన్లో ఉన్నది ఆ సూదుల రకమే. నేను చెవులు మూసుకున్న రకం. మళ్ళీ దూరాడు పాపం.

అదీ ఆయనే.

అదే రైలు, అదే వంతెన. ఇంకోసారి వాయించమన్నాను. గిటార్లు మార్చి మార్చి వాయించమన్నాను, ఏది ఏదో చెప్పకుండా. అన్నీ ఆయనే.

ఓబా గారు తలుపు జరిపి, తల ఒక్కటే బయట పెట్టి, "వదినా, నువ్వు ఇన్నాళ్ళూ విన్నది షూహేయిని కాదేమో, పరుపుల్నేమో" అన్నాడు. వేళాకోళానికే అన్నాడు. నా మొహం చూసి నాలుక కరుచుకుని, వెంటనే పరుపులు సర్దడం మొదలుపెట్టాడు, అదేదో తన పనైనట్టు.

ఆయన కచేరీలు బయట ఎప్పుడూ వినలేదా అంటారా? లేదండీ. "నువ్వు ఎదురుగా కూర్చుంటే నా వేళ్ళు కొయ్యలైపోతాయి ఫుమియే, రాకు" అనేవాడు. ఇంట్లో వింటున్నాను కదా అని నేనూ ఊరుకున్నాను.

ఇప్పుడు ఏది ఉంచమంటారని అడిగితే ఏం చెప్పను? అంతా పోయినా అదొక్కటి నా దగ్గర భద్రంగా ఉందనుకున్నాను. ఉన్నది దూది మోత. దాన్ని మీరు మాత్రం ఏ అయస్కాంతంతో చేసిపెడతారు?

గిటారు ఓబా గారు తెచ్చిస్తాడు, ఆ మొదటిదే పెట్టెయ్యండి. మెటల్‌కి అదే సరైందన్నారు కదా. వచ్చినవాళ్ళకి ఒక్కో దెబ్బా విడివిడిగా వినపడనివ్వండి. ఆయన బయట అలాగే వాయించేవాడేమో. నాకేం తెలుసు.

లేస్తాను. ఒక్క మాట అడుగుదామనే వచ్చాను అసలు.

స్టేషను పక్కన ఆ నేలమాళిగ హాలు ఉంది కదా, శనివారం వాయించేది. మీరు వెళ్తుంటారుగా. దాని తలుపు మా పరుపులంత మందంగా ఉంటుందా? రెండు తలుపులా? మధ్యలో ఓ కుర్చీ వేసుకోనిస్తారా?

ఓబా గారితో అనకండి. నాకు ముందు వరసలో చోటు ఉంచాడు. వాళ్ళు మొదలుపెట్టగానే లేచి బయటికి వచ్చేస్తాను. ఎవరూ ఏమీ అనుకోరు లెండి, పాపం పెద్దావిడ, ఎక్కడ కూర్చోవాలో మర్చిపోయింది అనుకుంటారు.