సారుకు ఏ బండి

మస్కట్‌లో ఒక సారు ఇల్లు. వంటింట్లో కరీంనగర్ డ్రైవరు చాయ్ తాగుతుంటే, కడప వంటామె ఉల్లిగడ్డలు కోస్తోంది.

"సారు రెండు బండ్లు చూసిండు చెల్లె. ఒకటి లారీ అంత పొడుగు అమెరికా బండి, ఇంకోటి చిన్న జర్మనీ బండి. ఏది కొనాల్నని నన్నడిగిండు."

"ఏం చెప్పినావన్నా?"

"పెద్దదే మంచిదని చెప్పిన. చిన్నది మస్తు ఉరుకుతది. అది కొంటే సారు తనే నడుపుకుంటడు, నా నౌకరి పోతది."

"ఒప్పుకున్యాడా?"

"ఒప్పుకున్నడు. రేపు తెస్తున్నం."

"మేడం ఆ బండిలోనే డ్రైవింగ్ నేర్చుకుంటాదంట. నేర్పించేది నువ్వేనంట."

"కళ్లద్దాలు లేకుంటే ఆమెకు మన గేటే కనపడదు గద?"

"పెట్టుకుంటే అందం పోతాదంట."

అతను చాయ్ గ్లాసు పక్కన పెట్టాడు.

"సారు ఇంట్లనే ఉన్నడా చెల్లె? చిన్న బండే మంచిదని చెప్పొస్త."