సూదుల గదిల చెప్పిన అబద్ధం

నేను కడుపుతోనున్న, పెద్దమ్మా.

అట్ల చూడకు. ఈ మాట నా నోట్లెకెళ్ళి బయటికొచ్చుడు ఇదే మొదలు. ఓంకార్‌కు సుత చెప్పలె. కట్టుకున్నోనికే చెప్పలేదంటె నా భయం ఎంతనో సమజ్ చేసుకో. రొట్టె మాడుతాంది, జరా తిప్పు.

నవ్వుతున్నవా? నవ్వకు. ముందు మొత్తం ఇను.

పోయిన వారం వీసా మెడికల్‌కని బీదర్‌కెళ్ళి పొద్దుగాల బస్సుకు హైదరాబాద్ పోయినం కద, నేనూ మా అత్త రాచమ్మా. ఓంకార్ అమెరికాల లారీ తోలుతుండు, నా కాయితాలు ఆయననే పెట్టిండు. రెండు నెలల కింద సెలవుకొచ్చి పోయినంక ఈ పరీక్ష ఒక్కటే మిగిలింది. చిన్నప్పుడు నాకే టీకాలేసిన్రో మనింట్ల ఒక్క చీటి లేదాయె. హళ్ళిఖేడ్ చెరుకు తోటలల్ల పెరిగినోళ్ళకు చీటీలెవరు దాచిపెట్టిన్రు? "అయితె అన్నీ ఇయ్యాల్నే ఏస్తం" అన్నది నర్సమ్మ. రెండు జబ్బలకూ ఏసిన్రు. తట్టుకు, గవదబిళ్ళలకు, ఆటలమ్మకు, ధనుర్వాతానికి... ఇంకేందో.

సూదికి భయపడ్డననుకుంటున్నవా? థూ!

ఏసేముందు అడిగింది, అందరి ముంగట, గట్టిగ. "కడుపుతోనున్నవా అమ్మా?" పక్కన అత్త. వెనుక లైను. ఏమనాలె చెప్పు?

పోయినసారి రెండో నెలల్నే చెప్పిన. మీరు లడ్డూలు పంచిన్రు. వారం తిరగకముందే పోయింది. ఇక్కడి మన డాక్టరమ్మ "దీంట్ల ఎవరి తప్పూ లేదు" అన్నది. ఇన్నరా ఎవలన్న? మూడు నెలలు నిండకముందే నేను ఊరంత సాటింపేసిననట, అందుకే కండ్లు పడ్డయన్నది అత్త. నువ్వు గూడ అన్నవ్. అన్నవ్ పెద్దమ్మా, ఆ పీట మీద కూసోనే అన్నవ్.

అందుకే "లేదు మేడం" అన్న. ఎక్స్‌రే తీసెటాయన అడిగినా లేదనే అన్న. ఎంత సులువుగొచ్చిందో ఆ అబద్ధం!

సూదులయినంక దూది అద్దుకుంట నర్సమ్మ ఏమన్నదో తెలుసా? "వీటిల రెండు కడుపుతోనున్నోళ్ళకు ఏయం. ఒక నెల దాక కడుపు రానియ్యకు, పైలం."

మా అత్త పక్కున నవ్వింది. "మొగడు సముద్రం అవతలున్నడు మేడం, గాలికొస్తదా?" అందరు నవ్విన్రు. నేను గూడ నవ్విన.

అప్పటికెళ్ళి ఒంట్ల ఏందో నడుస్తాంది. నిన్న జరం. ఇయ్యాల మెడ మీద ఈ ఎర్ర పొక్కులు, సూడు. సూదికి ఇట్లయితదని ఫోన్ల రాసున్నది. బడి ఇడిసిపెట్టినా, కూడబలుక్కుంట కూడబలుక్కుంట ఇంగ్లీషు నేర్సుకుంటి కద, ఇగో, ఇది చదివెటందుకే నేర్సుకున్న. లోపలి బిడ్డకేమన్నయితదా అని చూస్తె, ఒక తాన శానావరకు ఏం గాదని ఉన్నది, ఇంకో తాన ఎంటనే డాక్టర్‌కు చెప్పున్రి అని ఉన్నది. "శానావరకు" అంటె ఎంత పెద్దమ్మా? రాత్రంత ఆ ఒక్క మాటనే చదివిన. కండ్లు మూస్తె లోపలి బిడ్డ నన్నే చూస్తున్నట్టనిపించింది.

ఏందీ? ఇంకొన్ని దినాలు ఓపిక పట్టాల్నా? మూడో నెల నిండనియ్యాల్నా?

మెల్లగ మాట్లాడాల్నా? పక్కింటి సోనాలి ఇంటదా? ఇననీ. వీసా ఆగుతదా? ఆగనీ! అత్త తిడ్తదా? ఆమె తిట్టని దినమేది?

ఒక్కటి చెప్పు. పోయినసారి చెప్పినందుకు పోయిందన్నరు. ఈసారి చెప్పకుంటనే పోతె, ఎవరి కండ్లు పడ్డయంటవు?

కిటికీ దిక్కేం చూస్తున్నవ్?

మంచిగున్నది. నీకు అంత ఫికరైతె కిటికీ మూసుకో. నేను మాత్రం డాక్టరమ్మకు ఫోన్ చేస్తున్న.