సంచి మీద లేని పేరు

నస్పూర్ కార్మిక కాలనీలో ఒక క్వార్టర్ గడప ముందు కుక్కల దాణా కంపెనీ ఏజెంట్ కొత్త సంచి దించాడు. అప్పుడే డ్యూటీ దిగి వచ్చిన బొగ్గుబాయి కార్మికుడు దాన్ని ముట్టుకోలేదు.

"కాకా, మీ జాకీ పోయిందని మావోళ్లు చాన బాధపడ్డరు. గీ సంచి ఫ్రీగ పంపిండ్రు."

"కుక్కను పూడ్చి మూడు దినాలైంది. గిది ఎవలు తినాలె?"

"ఏదో జర పొరపాటైంది..."

"పొరపాటా? దాణాల బూజు విషముందని డాక్టర్ రాసిచ్చిండు. మా బిడ్డ నాలుగు దినాలు నిద్ర లేకుంట దాని నోట్లె చెంచతోని నీళ్లు పోసింది. గవే సంచులు మంచిర్యాలల ఇంక అమ్ముతనే ఉన్నరు!"

"ప్రతి సంచి చెక్ చేసే పంపుతం కాకా."

"ఎవలు చేసిండ్రు?"

"సంచి మీద నంబరుంటది."

"నంబరు గాదు, మనిషి పేరు చెప్పు. మేం బాయిల దిగకముందే మైనింగ్ సర్దార్ పోయి లోపల విషగ్యాస్ ఉన్నదా అని చూస్తడు. చూసినంక పుస్తకంల సంతకం పెడ్తడు. మాకేమన్నయితే ముందుగాల ఆయన్నే పట్టుకుంటరు. మీ దగ్గర ఎవలను పట్టుకోవాలె?"

"గదంత నాకు తెల్వదు కాకా. కొత్త సంచి ముట్టింది, ఇగ ఫిర్యాదు లేదని గీ కాయితం మీద ఒక్క సంతకం పెట్టుండ్రి."

"నా పేరు గావాలెనా?"

"అవు, పూర్తి పేరు."

"విషం అమ్మినోనికేమో నంబరు, కుక్క సచ్చినోనికేమో పూర్తి పేరా? సంచి ఎత్తుకొని పో. ముందుగాల గా సంచి చెక్ చేసినోని సంతకం పట్టుకరా, గప్పుడు నాది అడుగు!"