కట్టెలు గాదు, చెరుకు

హలో… ఆ, నేనే రా భాను. మీ ఎనుక గల్లీ శంకరవ్వను.

…మంచిగనే ఉన్న. నువ్వు మంచిగుండనిస్తున్నవా? పొద్దుగాల సంది మీ ఛానెల్ల అదే తిప్పుతున్నరు గద… ఏదంటవేంది! "కట్టెలతో తిరుగుతున్న బీహారీ ముఠా" అని. రాసింది నువ్వే గద?

…సీసీ కెమెరల ఉన్నదే చూపెట్టినవా? సరే, చూపెట్టినవ్. గవి కట్టెలని నీకెవలు జెప్పిన్రు?

చెరుకు గడలురా! చెరుకు!

…నవ్వకు. నాకిక్కడ కడుపు మండుతున్నది.

నిన్న వాళ్ల ఛఠ్ పండుగ బిడ్డా. పొద్దు పొడవకముందే పోయి కాలువల నిలవడి సూర్యునికి మొక్కుతరు. ఆడోళ్లు ఒక్కపొద్దు ఉంటరు, పోరగాండ్లు గంపలు నెత్తిన వెట్టుకొని, గడలు వట్టుకొని ముందు నడుస్తరు. గంప మీద గుడ్డ కప్పినందుకే "అనుమానాస్పద మూటలు" అన్నవ్… అండ్ల అరటిపండ్లు, పిండి బిళ్లలు ఉన్నయిరా! మనం బతుకమ్మను ఎత్తుకొని చెరువుకు పోతే ఎవడన్న ముఠా అన్నడా?

…ఆడోళ్లు కనవడలేదా? ఎనుక పాటలు పాడుకుంట వస్తనే ఉండిరి. నువ్వు వీడియోను గంతవరకే కోసినవ్.

…ఎవలా? ఎర్రగ గుండ్రం గీసినవ్ సూడు, గా పోరడు. పంకజ్. మా సాంచాల మీద బట్ట నేసే రాంప్రవేశ్ కొడుకు. మా ఇంట్లనే కిరాయికుంటరు. నాలుగేండ్ల పోరగానప్పుడు వచ్చిండు ఈ ఊరికి. నీ తమ్మునితోటి ఒక్క బెంచీ మీద కూసొని చదువుకున్నడు…

…గుర్తువట్టలేదా? గుర్తువట్టకుంటనే గుండ్రం గీసినవా?

ఇయ్యాల వానికి నౌకరిల మొదటి రోజురా. లక్ష్మీకాంతరావు సారు బట్టల దుకాణంల. కొత్త అంగి తొడుక్కొని గడప దాటిండో లేదో, సారు ఫోన్ జేసిండు. "రాకు, గిరాకులు భయపడ్తరు" అన్నడట.

…మొఖం మసక జేస్తవా? ఇగ మంచిగ జేసినవ్! మసక జేసేది దొంగల మొఖమే గదరా!

…తీసేస్తే ఏం లాభం? నిర్మల్ల ఉన్న నా బిడ్డ ఫోన్ జేసింది, "అవ్వా, జర తలుపులేసుకొని పండుండ్రి" అని. నువ్వు తీసేసినవని ఆమెకెట్ల ఎర్కైతది?

…ఏంది? "పేద బీహారీ యువకుడి కన్నీటి గాథ"నా? ఏడ్చేటట్టు తీస్తవా? థూ! పొద్దుగాల దొంగ, మాపటికి బిచ్చగాడా? వాడు మామూలు మనిషిగ ఎన్నడు కనవడుతడురా మీ టీవీల?

…సరే, ఒక్కటి అడుగుత. మీ అవ్వ బాలలక్ష్మి ఉన్నదా ఇంట్ల? నాకియ్యకు ఫోను, నువ్వే అడుగు. నిన్న పంకజ్ గా గడలు నరికి ప్రసాదమని మన రెండు గల్లీలోళ్లకు పంచిండు. మీ అవ్వకియ్యలేదా, అడుగు.

…ఏమన్నది? తిన్నదా?… తియ్యగున్నదన్నదా! గదిరా నీ ముఠా చేతుల ఉన్న కట్టె!



భాను, ఇను. బండి తీసుకొని రా. పంకజ్ ఈడ నా పక్కనే ఉన్నడు, వీన్ని ఎనుక కూసోవెట్టుకొని దుకాణానికి తోలుకపో. "నేనే తప్పు రాసిన, అవి చెరుకు గడలు" అని సారు ముంగట చెప్పు. అటెన్క టీవీల గూడ చెప్పు.

…నీ ఇజ్జత్ పోతదా? నీది తప్పు జేసినందుకు పోతదిరా. వానిది ఏ తప్పు లేకుంటనే జిల్లా అంతట పోయింది!

వస్తున్నవా, లేదా?… హలో… భాను?… హలో…

పెట్టేసిండు.

అరే పంకజ్, గా అంగి ఎందుకు ఇప్పుతున్నవ్ బిడ్డా? గుండీలు వెట్టుకో. వాడు రాకుంటే ఏమాయె, నేను వస్త నీతోటి. గోడకు ఇంకో చెరుకు గడ ఉన్నది గద, ఇటు తే… నువ్వద్దు, నేను వట్టుకుంట. నడు, దుకాణానికి బజార్ల కెళ్లే పోదాం.